ఎర్రక్షరాలు రాని తప్పులు

పైథాన్‌లో కోడ్ రాసేవాళ్ళకి తెరమీద ఎర్రక్షరాలు కనబడితే గుండె గుభేల్‌మంటుంది. నాకిప్పుడు అవి కనబడితే ప్రాణం కుదుటపడుతోంది. ఫలానా లైన్లో ఫలానా తప్పుందని చెప్పి ఆగిపోయే ప్రోగ్రాం మంచిది. చెప్పకుండా, ఆగకుండా, రంగురంగుల పటం గీసి చేతిలో పెట్టే ప్రోగ్రామే కొంప ముంచుతుంది.

కొన్నేళ్ళుగా నా పని ఉపగ్రహ చిత్రాలతో. కొల్లేరు సరస్సు చుట్టుపక్కల చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఎక్కడున్నాయి, ఎన్నెకరాలు, ఏ ఏడు ఎంత పెరిగాయి అని లెక్కగట్టడం. వాడే సరంజామా అంతా ఉచితమే. చిత్రాలు యూరప్ వాళ్ళ సెంటినెల్ ఉపగ్రహాలవి. వాటిని తెరవడానికి జీడాల్. ఫ్రాంక్ వార్మర్‌డామ్ 1998లో మొదలుపెట్టిన ఈ లైబ్రరీ, డబ్బు పోసి కొనే పటాల సాఫ్ట్‌వేర్ల కడుపులో కూడా ఉంటుంది. కళ్ళతో చూసుకోడానికి క్యూజీఐఎస్, 2002లో గ్యారీ షెర్మన్ చేతిలో పుట్టింది. లెక్కలకి పైథాన్, అందులో రాస్టీరియో, నంపై, జియోపాండాస్. లైసెన్సు కొనే స్తోమత లేని చిన్న ఆఫీసులో కూర్చుని ఈ పని చేయగలుగుతున్నానంటే వీటి పుణ్యమే. ఇక్కడ రాస్తున్నదేదీ వాటిమీద ఫిర్యాదు కాదు.

మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. సార్వా, దాళ్వా, పట్టుబడి, గుర్రపుడెక్క లాంటి మాటలు నేను ఎక్కడా నేర్చుకోలేదు, ఇంట్లో వింటూ పెరిగాను. ఆ నేల తెలిసినవాళ్ళు చేస్తేనే ఇలాంటి లెక్క సరిగ్గా వస్తుందని అందరూ అంటారు. నేనూ అదే ధీమాతో ఉండేదాన్ని. జరిగింది వేరు. కోడ్ తప్పుడు అంకె ఇచ్చినప్పుడల్లా ఆ అంకె ఎందుకు నిజమో చెప్పే కథ నా దగ్గర సిద్ధంగా ఉండేది. నేల తెలియనివాళ్ళయితే అనుమానపడి వెనక్కి చూసేవాళ్ళు. నేను సర్దిచెప్పుకుని ముందుకు పోయాను.

అడ్డగోలు తప్పులతో ఏ బాధా లేదు. భీమవరం అక్షాంశం పదహారున్నర, రేఖాంశం ఎనభై ఒకటిన్నర. పైథాన్‌లో పటాలు వేసే ఫోలియంకి అక్షాంశం ముందివ్వాలి, ఆకారాల లెక్కలు చేసే షేప్లీకి రేఖాంశం ముందివ్వాలి. ఓసారి నేను తారుమారు చేస్తే భీమవరం వెళ్ళి స్వాల్‌బార్డ్ దీవులకి ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో పడింది. నవ్వుకున్నాం, సరిచేశాం, టీ తాగాం. అంత దూరం పోయిన తప్పు తనంతట తనే దొరికిపోతుంది. ఊరి పొలిమేర దాటని తప్పులే దొరకవు.

మొదటిది గుర్రపుడెక్క కథ. నీళ్ళమీద తేలుతూ పెరిగే కలుపు మొక్క అది. పచ్చటి ఆకు ఎర్రటి వెలుతురుని తాగేసి, మన కంటికి కనబడని పరారుణాన్ని వెనక్కి కొడుతుంది. పరారుణంలోంచి ఎరుపు తీసేసి, ఆ రెంటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెని ఎన్‌డీవీఐ అంటారు. -1కీ 1కీ మధ్య ఉంటుంది. ఏపుగా ఉన్న చేను 0.7 దాకా చూపిస్తుంది. నీళ్ళు పరారుణాన్ని మింగేస్తాయి కాబట్టి అక్కడ అంకె సున్నాకి దిగువన ఉండాలి. రెండు బ్యాండ్లు తెరిచి, తీసివేసి, భాగించి, పటం వేశాను. కొల్లేరు నడిబొడ్డంతా చిక్కటి ఆకుపచ్చ. అయ్యో, గుర్రపుడెక్క ఎంతలా కమ్మేసింది అనుకున్నాను. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే కదా, అనుమానం ఎందుకొస్తుంది? ఆఫీసులో నలుగురికీ చూపించాను కూడా.

అదే పటాన్ని తీరం దాకా పొడిగించినప్పుడు బంగాళాఖాతం కూడా పచ్చగా మెరిసింది. ఉప్పునీళ్ళలో గుర్రపుడెక్క బతకదు. అప్పుడు కూర్చుని ఒక్క పిక్సెల్ తీసి చేత్తో లెక్క వేశాను. ఎరుపు 600, పరారుణం 400. తేడా -200 రావాలి. సెంటినెల్ ఫైలులో అంకెలు 16 బిట్ల పూర్ణాంకాలుగా ఉంటాయి, వాటికి రుణసంఖ్య అంటే ఏమిటో తెలీదు. సున్నా కిందికి దిగగానే పైకొసకి చుట్టుకుని 65336 అయిపోతాయి. దాన్ని 1000తో భాగిస్తే ఎన్‌డీవీఐ 65.3. నంపై శ్రేణుల్లో ఈ పని చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది. అయినా 65 అనే అంకె కంటపడి ఉంటే ఎవరికైనా తెలిసేది. పటం అందంగా రావాలని విలువలన్నీ 1 దగ్గర కత్తిరించిన లైను నేనే ముందుగా రాసిపెట్టుకున్నాను. దాంతో నీటి చుక్క ప్రతిదీ ప్రపంచంలోకెల్లా దట్టమైన అడవి అయింది. నిజంగా గుర్రపుడెక్క ఉన్న చోటు దానికన్నా లేతగా కనబడింది. తీసివేతకి ముందు అంకెలని దశాంశాల్లోకి మార్చే ఒక్క మాటతో వ్యవహారం తేలిపోయింది.

గట్ల సంగతి ఇంకా సిగ్గుచేటు. సెంటినెల్-2 చిత్రంతోపాటు ఒక వర్గీకరణ పొర కూడా వస్తుంది. ప్రతి పిక్సెల్‌కీ ఓ సంఖ్య: 4 అంటే పచ్చదనం, 5 అంటే బోడినేల, 6 అంటే నీరు, 8, 9 అంటే మబ్బులు. ఈ పొర 20 మీటర్ల పిక్సెళ్ళది. ఎరుపు, పరారుణం బ్యాండ్లు 10 మీటర్లవి. రెంటినీ కలపాలంటే పొరని 10 మీటర్లకి తేవాలి. జీడాల్‌ని దాని మానాన వదిలేస్తే అతి దగ్గరి పిక్సెల్ విలువని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టేది. నేను పెద్ద తెలిసినట్టు, అంచులు నునుపుగా ఉండాలని, చుట్టుపక్కల విలువల సగటు తీసే పద్ధతి ఎంచుకున్నాను. పచ్చదనానికీ నీటికీ మధ్య, అంటే 4కీ 6కీ మధ్య, సగటు తీస్తే 5 వస్తుంది. 5 అంటే బోడినేల. పటంలో చెరువు చుట్టూ ఒక్క పిక్సెల్ మందాన చక్కటి మట్టిగట్టు తయారైంది!

నేను పొంగిపోయాను. చెరువుకి గట్టు ఉంటుందని ఎవరికి తెలీదు? 10 మీటర్ల చిత్రంలో గట్లు పట్టుకోగలిగానని చెప్పుకు తిరిగాను. గట్టు మీద ఓ బండి పట్టేంత దారి ఉంటే గొప్ప, పదిమీటర్ల వెడల్పు ఎక్కడుంది అని నాకు నేనే అడిగి ఉండాల్సింది. ఆ గట్ల మీద తిరిగి పెరిగినదాన్ని. చివరికి బయటపెట్టింది ఓ చేను. వరి చేనికి ఆనుకుని కాలవ పారుతున్న చోట కూడా, గట్టే లేని ఒడ్డున, అదే మందాన గట్టు మొలిచింది. పేర్లకి పెట్టిన సంఖ్యలకి సగటు తీయకూడదని ఏ పుస్తకమైనా మొదటి పేజీల్లోనే చెబుతుంది. చదివాను కూడా. చదవడం వేరు, గట్టు కనబడితే సంతోషించకుండా ఉండటం వేరు.

2022 వేసవికి ఇంకో పని నెత్తిన పడింది. డెల్టాలో దాళ్వా (రెండో పంట) వరి ఎలా ఉందో కొన్నేళ్ళ పచ్చదనాన్ని పోల్చి చెప్పాలి. ఏటా మార్చిలో 0.7 చుట్టూ ఉండే అంకె ఆ ఏడు 0.45 దగ్గర ఆగిపోయింది. కథ నాలుక చివర సిద్ధంగా ఉంది. దాళ్వాకి నీళ్ళు సరిపోకపోతే కాలవలకి వంతులు పెడతారు, శివారు భూములకి తడి అందదు, చేను పాలిపోతుంది. ఇది మా ఇళ్ళలో ఎప్పుడూ వినే బాధే. రెండు పేరాల వ్యాఖ్యానం రాసేశాను. శివారు ఆయకట్టు అన్న మాట రాయడంలో నాకు కాస్త గర్వం కూడా ఉందనుకుంటాను, హైదరాబాదులో పక్క సీట్లవాళ్ళకి ఆ మాట తెలీదు.

పోలిక కోసం గట్లమీది కొబ్బరితోటలని కూడా గీతగా గీసినప్పుడు అనుమానం వచ్చింది. అవీ జనవరి ఆఖరు వారంలో ఒక్కసారిగా అంతే లోతుకి పడిపోయాయి. కాలవకి వంతు పెట్టినంత మాత్రాన కొబ్బరిచెట్టు వారంలో పాలిపోదు. మర్రిచెట్టు గీసి చూశాను, అదీ పడిపోయింది. ఇక అప్పుడు తీరిగ్గా సెంటినెల్ సాంకేతిక పత్రాలు తెరిచాను. 2022 జనవరి 25 నుంచి కొత్త పద్ధతిలో తయారుచేసే చిత్రాల్లో ప్రతి విలువకీ 1000 కలుపుతున్నారు. బాగా నల్లటి చోట్ల విలువ సున్నా కిందికి దిగినా తెగిపోకుండా నిలవాలని ఆ ఏర్పాటు. వాడేవాళ్ళు ముందు ఆ 1000 తీసేసి, తర్వాత 10000తో భాగించుకోవాలి. ఎంత తీయాలో చిత్రంతో వచ్చే వివరాల ఫైల్లోనే రాసి ఉంది. దాచిందేమీ లేదు. నేను చదవలేదు.

పచ్చటి చేనికి పరారుణం 3000, ఎరుపు 500 అనుకోండి. తేడా 2500, మొత్తం 3500, ఎన్‌డీవీఐ 0.71. రెంటికీ వెయ్యేసి కలిపితే తేడా అదే 2500, మొత్తం మాత్రం 5500 అవుతుంది. అంకె 0.45కి దిగింది. చేను చక్కగానే ఉంది, నా భాగహారమే ఎండిపోయింది. ఇందులో ఇంకో మెలిక: చిత్రాలు అందించే భాండాగారాలు కొన్ని ఆ 1000ని ముందే తీసేసి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. అది చూసుకోకుండా రెండోసారి తీసేస్తే అంకె ఈసారి పైకి ఎగురుతుంది. అప్పుడు పంట బ్రహ్మాండంగా ఉందని రాస్తాం, బాగున్న పంటని ఎవరూ నిలదీయరు కూడా.

ఈ మూడింటివల్లా ఎవరికీ నష్టం లేదు, నా పరువుకి తప్ప. నాలుగోది అలాంటిది కాదు.

కొల్లేటి దగ్గర ఎకరం అనే మాట మామూలు మాట కాదు. 1999లో సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు లోపలి సరస్సుని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రాంసర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. తర్వాత చెరువులు మళ్ళీ వెలిశాయన్నది అందరికీ తెలిసిన సంగతే. అందుకే కొలతల మాట ఎత్తితే అక్కడివాళ్ళు ముఖం ముడుచుకుంటారు. ఎవరి చెరువు కాంటూరు లోపల, ఎవరిది బయట అన్నది బతుకుతెరువుకి సంబంధించిన ప్రశ్న.

కైకలూరు వైపు పల్లెల్లో చెరువుల గురించి రైతులు చెప్పిన ఎకరాలు మా దగ్గర ఒక పట్టీగా ఉన్నాయి. నేను క్యూజీఐఎస్‌లో వెనకాల ఉపగ్రహ చిత్రం పరుచుకుని, ఒక్కో చెరువుకీ గట్టు బయటి అంచు వెంట గీత గీసి, జియోపాండాస్‌తో విస్తీర్ణం తీశాను. ప్రతి చెరువూ రైతు చెప్పినదానికన్నా పెద్దదిగా తేలింది. చిత్తుప్రతిలో ఒక వాక్యం రాశాను: రైతులు విస్తీర్ణాన్ని తక్కువ చేసి చెబుతున్నారు. ఎందుకు చెబుతున్నారో కూడా నాకు తెలుసనుకున్నాను. ఆక్రమణ, భయం, లీజు గొడవలు. ఒకప్పుడు మా చుట్టాలే అలా చెప్పగా విన్నాను.

కొన్ని చెరువులు స్వయంగా చూద్దామని వెళ్ళినప్పుడు, ఓ పెద్దాయన మేత బస్తాలు దింపిస్తూ కనబడ్డారు. టాబ్‌లో ఆయన చెరువు బొమ్మ చూపించాను. ఏరేటర్లు ఎక్కడున్నాయో, తూము ఎక్కడుందో వేలితో చూపించి మురిసిపోయారు.

"ఎంత వచ్చిందమ్మా మా చెరువు?"

"ఇరవై ఏడెకరాల పైచిలుకండి, బాబాయ్ గారూ."

ఆయన వేలు తెరమీంచి తీసేశారు. "పాతికెకరాలకి లీజు కడతన్నానమ్మా. ఆ రెండెకరాలూ ఎక్కడున్నాయో చూపించి వెళ్ళు, అందులో కూడా పిల్ల వదులుకుంటాను."

పక్కన బస్తాలు దింపుతున్న కుర్రాళ్ళు నవ్వారు. నేనూ నవ్వేశాను కానీ, ఆయన అబద్ధమాడుతున్నారనే నా నమ్మకం ఆ క్షణానికి చెక్కుచెదరలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో పట్టీ తెరిచి, నా అంకెని రైతు చెప్పిన అంకెతో ఒక్కొక్కటే భాగిస్తూ వచ్చాను. 1.09. తర్వాతది 1.09. ఆ తర్వాతది 1.08. పదెకరాల చెరువైనా అంతే, అరవై ఎకరాలదైనా అంతే. అబద్ధాలాడేవాళ్ళు అందరూ కూడబలుక్కుని ఒకే నిష్పత్తిలో ఆడరు. పొట్టలో దేవేసినట్టయింది.

అసలు సంగతి ఇది. క్యూజీఐఎస్ ఖాళీ పేజీలో ఇంటర్నెట్టు నుంచి వచ్చే చిత్రాన్ని పరిస్తే, పటం ఆ చిత్రం కొలమానంలోకి, ఈపీఎస్‌జీ 3857 అనే దానిలోకి మారిపోతుంది. ఫోన్లో చూసే పటాలన్నీ దాదాపు ఇందులోవే. గుండ్రటి భూమిని చదునుగా పరవడానికి అది భూమధ్యరేఖకి దూరమయ్యేకొద్దీ నేలని సాగదీస్తుంది. 60 డిగ్రీల దగ్గర ఒక ఎకరం నాలుగెకరాలవుతుంది. కొల్లేరు 16 డిగ్రీలు దాటి ఉంది, కాబట్టి పొడుగు 4 శాతం పైన, వైశాల్యం దాదాపు 9 శాతం పెరుగుతుంది. పాతిక ఎకరాలు 27 పైచిలుకు అవుతుంది. నేను గీసిన గీతలన్నీ ఆ కొలమానంలోనే దాచుకున్నాను.

గీతలు డిగ్రీల్లో ఉంటే జియోపాండాస్ విస్తీర్ణం అడగ్గానే హెచ్చరిస్తుంది, ఈ అంకె నమ్మొద్దు అని. 3857లో ఉంటే కిక్కురుమనదు, ఎందుకంటే అది మీటర్లే కదా. మీటర్లంటే మీటర్లనే నేనూ అనుకున్నాను. ఇంకా చోద్యం, అదే గీతని క్యూజీఐఎస్‌లో కొలిస్తే అది భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుని 25 అనే చెప్పింది. రెండు సాధనాలూ నా కంప్యూటర్లోనే ఉన్నాయి, ఒకదాని జవాబుని రెండోదాని ముందు పెట్టలేదు. గీతలన్నిటినీ 32644లోకి, అంటే మన ప్రాంతానికి పనికొచ్చే యూటీఎం 44వ జోన్‌లోకి మార్చితే అంకెలు రైతుల పట్టీతో సరిపోయాయి. (ఇందులోనూ ఓ తిరకాసు ఉంది: ఆంధ్రప్రదేశ్ మూడు యూటీఎం జోన్లలో పరుచుకుని ఉంటుంది. అనంతపురం 43లో పడుతుంది, కొల్లేరు 44లో, ఇచ్ఛాపురం 45లో. రాష్ట్రమంతటికీ లెక్క కట్టేటప్పుడు ఇది గుర్తుండాలి.)

ఆ చిత్తుప్రతి ఆఫీసు గుమ్మం దాటలేదు, అదొక్కటే అదృష్టం. దాటి ఉంటే ఆ వాక్యం ఏ ఫైల్లో చేరేదో, ఎవరి గట్టు మీదికి ఏ యంత్రం వెళ్ళేదో. "ఉపగ్రహమే చెప్పింది" అనే మాటకి ఎదురుచెప్పడానికి ఆ పెద్దాయన దగ్గర ఏముంటుంది?

చెరువులని కంప్యూటరే పట్టేలా నేర్పబోయినప్పటి ముచ్చట క్లుప్తంగా చెబుతాను. రాండమ్ ఫారెస్ట్ అనే వర్గీకరణ పద్ధతికి కొన్ని చెరువులు, పొలాలు, తోటలు చూపించి నేర్పి, పరీక్ష పెడితే నూటికి తొంభైకి పైన మార్కులొచ్చాయి. నేర్పడానికీ పరీక్షకీ పిక్సెళ్ళని కలగాపులగంగా పంచాను కాబట్టి, ఒకే చెరువులో పక్కపక్కనున్న పిక్సెళ్ళు అటూ ఇటూ చేరాయి. ముందురోజు రాత్రే ప్రశ్నపత్రం చూసిన కుర్రాడి మార్కులవి. వేరే మండలానికి తీసుకెళ్ళగానే బండారం బయటపడింది. నాచు పట్టి నీళ్ళు పచ్చబడ్డ చెరువుని తోట అంది. పట్టుబడి (చేపలు పట్టేయడం) అయ్యాక ఎండగట్టి సున్నం చల్లిన చెరువుని బోడినేల అంది. సార్వా (మొదటి పంట) ఊడ్పుల వేళ నీళ్ళు నిలిచిన వరిమళ్ళని వరసబెట్టి చెరువులంది. ఈ మూడూ నాకు పుట్టినప్పటినుంచీ తెలిసినవే, నేర్పేటప్పుడు ఒక్కటీ గుర్తురాలేదు. ఇక్కడ మాత్రం ఊరి జ్ఞానం నిజంగా అక్కరకొచ్చింది. వరిమడిలో నీళ్ళు కొన్ని వారాలు నిలుస్తాయి, చెరువులో ఏడాదిలో ఎక్కువ కాలం ఉంటాయి. ఒక్క రోజు చిత్రాన్ని నమ్మడం మానేసి, ఏడాది పొడుగునా ప్రతి పిక్సెల్ ఎన్నిసార్లు తడిగా కనబడిందో లెక్కపెడితే చెరువూ మడీ విడిపోయాయి. వానాకాలం మబ్బుల్లోంచి సెంటినెల్-2కి ఏమీ కనబడదు, ఆ నెలలకి మబ్బుని దాటి చూసే సెంటినెల్-1 రాడార్ చిత్రాలు కలిపాను. మండలాన్ని మండలంగా పక్కనపెట్టి పరీక్షించడం మొదలెట్టాక మార్కులు బాగా తగ్గాయి. తగ్గినవే నమ్మదగ్గవి.

ఇలా తీసిన లెక్కలో పెద్దాయన చెరువు 23 ఎకరాలకి అటూ ఇటూగా తేలింది. ఈసారి కంగారుపడి ఫోన్ చేశాను. ఆయనకి మాత్రం ఏ ఆశ్చర్యమూ లేదు. "లీజు గట్టుతో కలిపే కడతామమ్మా, నీకు నీళ్ళే కదా కనపడేది," అన్నారు. గట్టు కొంత, గట్టుకి ఆనుకుని సగం నీరు సగం మట్టి ఉన్న పిక్సెళ్ళు కొంత పోతే అంతే వస్తుంది. మా నివేదికలో ఇప్పుడు నీటి విస్తీర్ణానికి ఒక గడి, గట్టుతో కలిపిన విస్తీర్ణానికి ఒక గడి ఉంటాయి. మొదటిది ఉపగ్రహం నుంచి తీస్తాను. రెండోది రైతుని అడిగి రాసుకుంటాను, తేడా మరీ ఎక్కువగా ఉంటే ముందు నా కోడ్ తెరుస్తాను.